మిత్రభేదము – సంధి: బాలపాఠశాలల నీతికథలఁ గూర్చి యొక విమర్శము

పరవస్తు చిన్నయసూరి రచించిన నీతిచంద్రిక 1853వ సంవత్సరమున వెలువడినది మొదలు తెలుఁగు విద్యార్థులకు వచనరచనకు లక్ష్యగ్రంథమై, పండితులకుఁ బాఠ్యగ్రంథమై పెక్కుతరములు నిలిచినది. దాని శబ్దసాధుత్వమును, సమాసముల పొంకమును, కాఠిన్యమును విమర్శకులు పలుమాఱు తూఁచియున్నారు. శైలి నటుంచి వస్తువును బట్టి, అందును బాలుర చేతి కిచ్చు వస్తువును బట్టి, విచారింపఁదగిన యంశ మొకటి కలదు.

నారాయణపండితుని హితోపదేశమున మిత్రలాభము, సుహృద్భేదము, విగ్రహము, సంధి యని నాలుగు భాగములు. విష్ణుశర్మ పంచతంత్రము మిత్రభేదముతోనే యారంభమగును. సూరి హితోపదేశక్రమము ననుసరించి మిత్రలాభమును ముందుంచి మిత్రభేదమును వెనుక నుంచెను. అంతటితో నాతని రచన ముగిసినది. విగ్రహమును గొక్కొండ వేంకటరత్నము పంతులును, విగ్రహసంధులను గందుకూరి వీరేశలింగము పంతులును దరువాతఁ దెలిఁగించిరి. అయినను సూరి రచించిన రెండు భాగములకుఁ గలిగిన ప్రచారము వానికిఁ గలుగలేదు. ఫలిత మేమనఁగా, తెలుఁగు బాలుఁడు స్నేహ మెట్లు కుదురునో చదివెను. స్నేహ మెట్లు చెడునో చదివెను. చెడిన స్నేహము మరల నెట్లు కుదురునో చదువకయే బడి విడిచెను. బాలవ్యాకరణమున సంజ్ఞానంతరమే సంధిని జెప్పిన సూరి నీతికథలయందు సంధిదాఁక రాకపోవుట బాలురకు నష్టమే యైనది.

ఇవి రాజనీతికథలు, గోటీలాడు పిల్లల తగవులకు వీనితోఁ బని యేమి యని యాక్షేపింపవచ్చును. హితోపదేశము విన్న సుదర్శనమహారాజు కొడుకులును బిల్లలే, చదువొల్లని పిల్లలు. మఱియుఁ గథ యెవరి కుద్దేశింపఁబడినను జదువువాఁడు తన యనుభవముననే దాని యర్థమును గ్రహించును. ఎనిమిదేండ్ల బాలునకు రాజ్య మనఁగాఁ దన బడియే. మంత్రిసామంతు లనఁగాఁ దన ప్రక్కఁ గూర్చుండువారే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల ప్రాథమికపాఠశాలలఁ దలఁచుకొన్నచో నీ విషయము స్పష్టమగును. సూర్యాపేటయుఁ గోదాడయు 2016వ సంవత్సరమున నల్లగొండజిల్లానుండి విడివడిన సూర్యాపేటజిల్లాలోనివి. హైదరాబాదు విజయవాడల నడిమి రాజమార్గముపై నున్నవి. నల్లగొండజిల్లాలోనే నిలిచిన మిర్యాలగూడ, నాగార్జునసాగరపు టెడమకాలువ నీటఁ బండు వరికిని, బియ్యపుమిల్లులకును బేరుపడినది. ఇట్టిచోట్ల నూరిపిల్లలును, పనులకై వచ్చిన కుటుంబముల పిల్లలును నొకే గదిఁ జదువుదురు. మధ్యాహ్నమున నొకే పంక్తినిఁ గుడుతురు. చిన్నబడులయం దొకరిద్దఱుపాధ్యాయులే యైదు తరగతులను జూడవలసి యుండును. తగవులకు విషయములు స్వల్పములు: ఒక పెన్సిలు, ఒక గోటీ, తొక్కుడుబిళ్లలో గీఁత త్రొక్కెనా లేదా యను సంశయము, భోజనపు వరుసలో ముందువెనుకలు, నిన్నటిదాఁకఁ దన ప్రక్కఁ గూర్చుండిన దోస్తు నేఁడు వేఱొకరి ప్రక్కఁ గూర్చుండుట. ‘కటీఫు’ అను నొక్కమాటతో స్నేహము తెగును. పెద్దలకు నవ్వు పుట్టించు నీ తెగుదల పిల్లవానికిఁ బ్రాణసంకటము. ఆనాఁడు వాఁ డన్న మొల్లఁడు. పాఠము తల కెక్కదు. మఱునాఁడు కడుపునొప్పి యని బడికిఁ బోనొల్లఁడు. దీనిని స్వల్పమని త్రోసివేయువాఁడు పింగళకసంజీవకుల కథను జదివియుఁ జదువనివాఁడే.

ఆ కథలో సింహమును నెద్దును విరోధించుటకు వాస్తవకారణ మొక్కటియు లేదు. సంజీవకుఁడు రాజ్యము గోరలేదు. పింగళకుఁడు సంజీవకుని మాంసము గోరలేదు. దమనకుఁ డిరువురకడకును వేఱువేఱుగఁ బోయి యొకని మాట యొకనికిఁ జెప్పెను. అంతకంటె నేర్పుతోఁ జేసిన పని మఱియొకటి కలదు. ఎదుటివాఁడు చంపఁదలఁచినపు డెట్టి చిహ్నములు కనఁబడునో యిరువురకును ముందుగనే చెప్పి యుంచెను. సింహము చెవులు రిక్కించి తోఁక యెత్తి చూచునని యెద్దునకును, ఎద్దు కొమ్ములు సవరించుకొని వచ్చునని సింహమునకును దెలిపెను. వెఱచిన యెద్దు కొమ్ములు సవరించుకొనకుండునా? దానిఁ జూచిన సింహము చెవులు రిక్కింపకుండునా? ఒకని భయమే యొకనికిఁ గోపచిహ్నముగఁ దోఁచినది. కథకుని మనుష్యస్వభావజ్ఞాన మిచ్చట నత్యద్భుతము.

బడిలోని తగవులు నిట్లే పెరుగును. “అది నీతో మాటాడదఁట; చూడు, నిన్నుఁ జూచి మొగము త్రిప్పుకొనును” అని మూఁడవ పిల్ల చెప్పును. విన్నపిల్ల బెదరుచుఁ జూచును. ఆ చూపునకు రెండవది మొగము త్రిప్పుకొనును. చెప్పినమాట నిజమైనట్లు తోఁచును. అయితే బడిలోని మూఁడవ పిల్ల దమనకుఁడు కాదు. ఆమెకు మంత్రిపదవి యక్కఱలేదు. తా నొంటరిగ మిగిలిపోవుదు నను భయమే యామెచేత నట్లు పలికించును. కథలోని దుష్టుని బడిలోని పిల్లయందుఁ జూచి, కొండెగత్తె యని పేరు పెట్టి దండించుట కథను దప్పుగ నన్వయించుటయే. ఆ పిల్లకును గూర్చుండ నొక చోటును, ఆడుకొన నొక జోడును గల్పించినచో నామె కొండెములు తామే యుడుగును.

ఇఁకఁ బింగళకుని దోష మేమి? విన్నమాటను సంజీవకుని నడుగకయే నమ్ముట. బడిలో నుపాధ్యాయుఁడు రాజస్థానమున నున్నవాఁడు. “వాఁడు కొట్టినాఁడు సారూ” అని ముందుగఁ బరుగెత్తి వచ్చినవాని మాటనే ప్రమాణముగఁ గొని తీర్పు చెప్పెనేని యాతఁడును బింగళకుఁడే. 2009వ సంవత్సరపు విద్యాహక్కుచట్టము పదునేడవ పరిచ్ఛేదమున శారీరకదండనమును మానసికహింసను నిషేధించినది. బెత్తము పోవుట మేలే. కాని బెత్తము పోయినంతమాత్రమునఁ దగవు తీఱదు. బెత్తమున్న చోట నేది నిలువవలయునో యెఱిఁగిననే యా చట్టము సార్థకమగును.

పెద్ద లుపేక్షించిన బాల్యవిరోధము లెంతదూరము పోవునో తెలియుటకు భారతము చాలును. భీముఁడు నీటఁ గౌరవబాలురను ముంచెను; పండ్లకై చెట్లెక్కినవారిని జెట్లు కదల్చి పడవైచెను. ఇది బాల్యచాపలమే కాని ద్రోహబుద్ధి కాదని వ్యాసుఁడు స్పష్టముగఁ జెప్పెను. దుర్యోధనుఁడు మాత్రము దానిని ద్రోహముగనే గ్రహించి ప్రమాణకోటియందు విషాన్నము పెట్టించెను. బ్రదికి వచ్చిన భీముని ధర్మరా జూరకుండు మనెను. ఆ మౌనము ప్రాణరక్షణకుఁ బనికివచ్చినది గాని విరోధమును దీర్పలేదు. కురువృద్ధులు పిల్లలకు విలువిద్య నేర్పు గురువును వెదకిరి; కూడి మనుట నేర్పు గురువును వెదకరైరి. వచ్చిన గురువు ద్రోణుఁడును, భరద్వాజాశ్రమమునఁ దనతోఁ గూడి యాడిన ద్రుపదునితోఁ దెగిన స్నేహమును మనసున మోయుచు వచ్చినవాఁడే. ఆ బాల్యమిత్రుని బంధించి తెచ్చుటయే యాతఁడు శిష్యుల నడిగిన గురుదక్షిణ. గురువు తన తగవును శిష్యుల కప్పగించిన, కథ కురుక్షేత్రము చేరక మానునా?

భీమదుర్యోధనుల విషయమున వ్యాసుఁడు చూపిన చేష్టాభిప్రాయభేదమే పియాజే యను స్విట్జర్లండు శాస్త్రజ్ఞుని 1932వ సంవత్సరపు గ్రంథమునకు ముఖ్యవిషయములలో నొకటి. తెలియక పెక్కుగిన్నెలు పగులఁగొట్టిన బాలుఁడు దోషియా, చేయరానిపని చేయుచు నొక గిన్నెను బగులఁగొట్టినవాఁడు దోషియా యని యాతఁడు పిల్లల నడిగెను. చిన్నవారు నష్టమును లెక్కించి మొదటివానిని దోషి యనుటయుఁ, బెద్దవా రుద్దేశమును దలఁచి రెండవవానిని దోషి యనుటయు నాతనికిఁ గానవచ్చెను. కాఁబట్టి తగులుట వేఱు, కొట్టుట వేఱని చిన్నపిల్లవానికిఁ దనంతఁ దోఁచదు. ఎవ్వఁడైన నడిగి, చెప్పించి, వినిపింపవలయును.

ఎట్లు వినిపింపవలయు ననుటకు వ్యాకరణమే మంచి దృష్టాంతము. వర్ణముల యత్యంతసన్నికర్షకు సంహిత యని పాణిని పేరు పెట్టెను. సన్నికర్ష లేనిదే సంధి లేదు. కాని సన్నికర్ష యున్నను సంధి లేని చోట్లును గలవు: ఈదూదేదంతములగు ద్వివచనములు ప్రగృహ్యములు, అచ్చు పరమైనను బ్రకృతిభావముననే యుండును. తెలుఁగున నుకారసంధి నిత్యము. ఏమ్యాదుల యికారసంధి వైకల్పికము. శాస్త్రకారులు వర్ణములకే యిచ్చిన యీ స్వాతంత్ర్యమును బాలుర కీయకుండుట తగదు. చేతులు కలిపించి, తప్పైనదని బలవంతమునఁ బలికించినది సంధి కాదు, సంధిరూపానుకరణము. ప్రక్కప్రక్కనే యుండి రెండునాళ్లు మాటలాడకున్నను దోషము లేదు. ఉపాధ్యాయుఁడు చేయవలసినది సన్నికర్షను జెడనీయకుండుట. ఇరువురను నొకరి యెదుట నొకరిని బలికింపవలయును. ఒకఁడు చెప్పినదానిని రెండవవానిచేత మరలఁ జెప్పింపవలయును. ఏమి చేసినఁ దగవు తీఱునో వారినే యడుగవలయును. పిదప నీళ్లు తెచ్చుటయో పుస్తకములు పంచుటయో యిరువురును గలసి చేయు పని యొకటి యప్పగింపవలయును.

దీని కపవాద మొకటి కలదు. ఒకఁడు నిత్యము కొట్టువాఁడు, ఒకఁడు నిత్యము దెబ్బలు తినువాఁడు నైనచో నది తగవు కాదు, హింస. మిత్రలాభమున హిరణ్యకుఁడు లఘుపతనకుని స్నేహమును మొదట నిరాకరించినది యీ కారణముననే. భక్ష్యభక్షకులకు మైత్రి యెట్లు కుదురు నని యా యెలుక ప్రశ్న. అట్టిచోట ముందు రక్షణము, పిదపనే సంధి.

హితోపదేశమున సంధిభాగము కథాపుష్టిని బట్టి మిత్రభేదమునకుఁ దీసిపోవచ్చును. అందుఁ బాత్రలకంటె మంత్రాలోచనములే మిక్కుటములు. బాలునకు విసుగు పుట్టించును. కాని దాని సారము మిత్రభేదమునకుఁ బ్రతిక్రియ. హంసరాజు హిరణ్యగర్భుఁడును నెమలిరాజు చిత్రవర్ణుఁడును బోరి నష్టపడిన పిదప, చక్రవాకమును గృధ్రమును నగు మంత్రు లిరువురు రాజులను సమాధానపఱతురు. దమనకుఁ డొక మంత్రి. వీ రిరువురును మంత్రులే. నడుమ నిలిచినవాని బుద్ధిని బట్టి మాట విషమగును, మందగును. అందుఁ బదునాఱు విధముల సంధులు చెప్పఁబడినవి. ధన మిచ్చి కొన్నవి, భూమి నిచ్చి కొన్నవి యట్లుండఁగా, మైత్రిమూలమై సంపదాపదలయందుఁ జెడని సంగతసంధియే మేలైనది. బంగారమువంటి దగుటచేఁ గాంచనసంధి యని దానికే పేరు. కథాంతమునఁ గుదిరినది యదియే.

తెలంగాణమున విజయదశమినాఁడు జమ్మియాకును బంగార మని చేతఁ బెట్టి, యలాయ్ బలాయ్ అని కౌఁగిలించుకొని, పాత పగలు మఱచు నాచారము కలదు. కాంచనసంధి యను పేరెఱుఁగని పల్లెవాఁడును దాని యర్థమును జేతఁ జూపుచున్నాఁడు. దసరాసెలవులకు ముందుగఁ బెక్కుబడులలో బతుకమ్మ యాడింతురు. కటీఫు చెప్పుకొన్న పిల్ల లిరువురు నొకే వలయమునఁ దిరుగుదురు. సంధిభాగమును జెప్పుట కంతకంటెఁ దగిన సమయ మే పండితునకు దొరకును? సంధికథను జిన్నచిన్న వాక్యములతో, మంత్రాలోచనములఁ గుదించి, మూఁడు నాలుగు తరగతుల పిల్లలకుఁ దగినట్లు వ్రాయుట తెలుఁగు పండితులు చేయఁదగిన పని. అట్టి గ్రంథము వచ్చుదాఁక, సంజీవకుఁడు చచ్చెనని పాఠము ముగించి పుస్తకము మూయక, వీరి స్నేహ మెచ్చట నిలుపవచ్చి యుండెనో చెప్పుఁడని పిల్లల నొక్కసారి యడిగినను జాలును.