పదమూడులోంచి తొమ్మిది

జపాన్ బడి అనగానే చీపుళ్లు పట్టిన పిల్లలు గుర్తొస్తారు. తరగతి గది వాళ్లే ఊడుస్తారు, మధ్యాహ్నం తోటివాళ్లకు వాళ్లే వడ్డిస్తారు. జపాన్ నుంచి ఏం నేర్చుకోవాలని ఫిలిప్పీన్స్‌లో ఎవరైనా అడిగితే ముందు వచ్చే జవాబు ఇదే. కానీ ఒళ్లు వంచి బడిని బాగుచేసుకోవడం ఫిలిప్పీన్స్‌కు కొత్త కాదు. బడులు తెరిచే ముందు తల్లిదండ్రులు, ఊరివాళ్లు కలిసి బెంచీలకు మరమ్మతులు చేసి గోడలకు రంగులేసే 'బ్రిగడా ఎస్క్వేలా' అక్కడ 2003 నుంచి ఏటా జరుగుతోంది. నన్ను కట్టిపడేసిన జపాన్ పనితనం వేరే ఉంది. అది ఒకటో తరగతిలో చెప్పే 45 నిమిషాల తీసివేత పాఠం.

పదమూడు పండ్లున్నాయి. తొమ్మిది తినేశాం. ఎన్ని మిగిలాయి?

లెక్క ఇంతే. కానీ ఆ అంకెలు ఊరికే వచ్చి పడినవి కావు. పన్నెండులోంచి మూడు తీయమంటే పిల్లలు వేళ్లు ముడుస్తూ వెనక్కి లెక్కపెట్టేస్తారు, పదిని విడదీయాల్సిన అవసరమే రాదు. తొమ్మిది అయితే వెనక్కి తొమ్మిది అడుగులు వేయాలి, మధ్యలో దారి తప్పుతారు. పైగా తొమ్మిది పదికి ఆనుకుని ఉంటుంది. పదిలోంచి తొమ్మిది పోతే ఒకటి, పక్కనున్న మూడు కలిపితే నాలుగు. ఈ ఉపాయం పిల్లవాడికి తనంతట తనకే తట్టాలి. అంకెల్ని ఎంచింది అందుకే. ఇంకో పిల్ల ముందు మూడు తీసేసి పదికి వచ్చి, మిగిలిన ఆరు ఆ తర్వాత తీస్తుంది. మరొకడు తొమ్మిది దగ్గర మొదలుపెట్టి పదమూడు దాకా పైకి లెక్కపెడతాడు. ఈ దారులన్నీ ముందే ఊహించి పాఠ్యపథకంలో రాసుకుంటారు. టీచరు ఏం చెప్పాలన్నదాని పక్కనే పిల్లలు ఏమనవచ్చో కూడా ఉంటుంది, రాగల తప్పులతో సహా. పాఠానికి ముందు జరిగే ఈ తవ్వకాన్ని వాళ్లు 'క్యోజాయ్ కెంక్యూ' అంటారు.

తరగతిలో టీచరు లెక్క ఇచ్చి ఊరుకుంటుంది. బల్లల మధ్య తిరుగుతూ ఎవరు ఏ దారిన వెళ్తున్నారో గుర్తుపెట్టుకుంటుంది. ఎవర్ని ముందు పిలవాలి, ఎవర్ని చివర్న పిలవాలి అన్నది ఆ నడకలోనే తేలుతుంది. తర్వాత వచ్చే ఘట్టం పేరు 'నెరియగే', అంటే బాగా పిసికి పదును తేవడం. కుమ్మరి మట్టిని మర్దించినట్టు పిల్లల ఆలోచనలన్నిటినీ కలిపి చర్చిస్తారు. ఈ రెండు దారుల్లో ఒకేలా ఉన్నదేమిటి, పది ఎక్కడ విడిపోయింది అంటూ చర్చ సాగుతుంది.

ఇదంతా నల్లబల్ల మీద కనిపిస్తుంది. బల్ల మీద రాసే ఈ కళను 'బన్షో' అంటారు. ఎడమ పక్కన లెక్క. మధ్యలో పిల్లల దారులు, వాళ్ల మాటల్లోనే, వాళ్ల పేర్లతో. కుడి చివర అందరూ కలిసి తేల్చుకున్న సంగతి. పాఠం పూర్తయ్యేదాకా దేన్నీ చెరపరు. మధ్యలో చూపు పక్కకు పోయిన పిల్ల కూడా ఆ బల్ల చూసి వెనక్కి వెళ్లి దారి అందుకోగలదు.

ఇంత నైపుణ్యం ఒక్కరికి ఒంటరిగా అబ్బేది కాదు. మెయిజీ కాలం నుంచి వస్తున్న 'జుగ్యో కెంక్యూ', అంటే పాఠ పరిశోధన, దీని వెనక ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం అల్లుతారు. ఒకరు చెబుతారు, మిగిలినవాళ్లు గోడ పక్కన నిలబడి రాసుకుంటారు. వాళ్ల చూపు టీచరు మీద ఉండదు, పిల్లల నోటుపుస్తకాల మీద ఉంటుంది. తర్వాత అందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. పాఠం అందరిదీ కాబట్టి, అది కుదరకపోతే ఆ మాట కూడా అందరూ పంచుకుంటారు.

2022లో జరిగిన అంతర్జాతీయ పరీక్ష పీసాలో ఫిలిప్పీన్స్ పిల్లల గణితం సగటు 355, జపాన్ పిల్లలది 536. ఈ తేడాకు పేదరికం, కిక్కిరిసిన తరగతులు, రెండు షిఫ్టుల బడులు, ఇలా ఎన్నో కారణాలున్నాయి. ఒక్క పాఠం పద్ధతితో అవన్నీ తీరిపోవు. అయినా పునాది అక్కడా ఉంది. ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలోని గణిత, విజ్ఞానశాస్త్ర బోధనా సంస్థ నిస్మెడ్ పాఠ పరిశోధనను ఎన్నో బడులకు పరిచయం చేసింది. టీచర్లు కలిసి కూర్చుని నేర్చుకునే 'లెర్నింగ్ యాక్షన్ సెల్' కోసం 2016లో విద్యాశాఖ ఉత్తర్వే ఇచ్చింది. అడ్డు వస్తున్నది వేరే: తరగతికి వచ్చి చూసేవాళ్ల చేతిలో మార్కుల పత్రం ఉంటుంది, ఆ మార్కులు టీచరు పనితీరు లెక్కలోకి వెళ్తాయి. తనకు మార్కులు పడుతున్నప్పుడు ఎంత మంచి టీచరైనా, ఎటు పోతుందో తెలియని ప్రశ్న అడగడానికి జంకుతుంది. కనీసం ఏడాదికి ఒక్క పాఠమైనా టీచర్లను మార్కుల్లేకుండా ఒకరిదొకరు చూసుకోనివ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మార్చుకోదగ్గ రెండో సంగతి మనీలా పేపరు. మన చార్టుల్లాగే అక్కడ ప్రతి తరగతిలో ఉండే పెద్ద కాగితం అది. రాత్రి మేలుకుని దాని మీద పాఠమంతా పొందిగ్గా రాసుకొచ్చి బల్లకు అంటించే టీచర్ల ఓపికకు నేను తలవంచుతాను. కానీ అప్పటికే నిండిపోయిన కాగితంలో పిల్లవాడి తప్పుకు చోటుండదు. జట్టుపనికి అదే కాగితాన్ని పిల్లలకు ఇవ్వడం ఎలాగూ అలవాటే. కాబట్టి లెక్క ఉన్న కాగితం ఎడమన, పిల్లలు రాసిన కాగితాలు మధ్యలో, కుడివైపు ఖాళీగా వదిలితే బన్షో చేతికందినట్టే.

జపాన్ నుంచి తీసుకోకూడనిదీ ఒకటుంది. 2018లో జరిగిన ఒక అంతర్జాతీయ సర్వేలో అక్కడి మాధ్యమిక తరగతుల టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నారని తేలింది. ఆ భారం ఎవరికీ వద్దు. ఫిలిప్పీన్స్ టీచర్లకు కాగితాల పని తగ్గించాలని 2024 జనవరిలో వచ్చిన ఉత్తర్వు నిజంగా అమలైతే, కలిసి పాఠం తవ్వుకోవడానికి నాలుగు గంటలు దొరుకుతాయి.

అలా తవ్వితే అక్కడి టీచర్లకు జపాన్ పుస్తకంలో లేనిది దొరుకుతుంది. మన పదమూడులో, జపాన్ వాళ్ల 'జూసాన్'లో పది, మూడు పక్కపక్కనే వినిపిస్తాయి. ఇంగ్లీషు 'థర్టీన్'లోనూ, ఫిలిప్పీన్స్ సంతల్లో వినిపించే స్పానిష్ 'త్రేసే'లోనూ పది స్పష్టంగా వినపడదు. టాగలోగ్‌లో మాత్రం పదమూడుని 'లాబింతాట్లో' అంటారు. 'లాబి' అంటే మిగులు, 'తాట్లో' అంటే మూడు. పది పోగా మూడు మిగులు. తొమ్మిదిని ఎక్కడి నుంచి తీయాలో, ఏది పక్కన పెట్టుకోవాలో ఆ అంకె పేరులోనే ఉంది.