కణాన్ని నొక్కి చూసే చేతులు

మామిడిపండును వేలితో నొక్కి పండిందో లేదో చెప్పేస్తాం. మరి కంటికి ఆనని కణాన్ని నొక్కి చూడాలంటే? ఆ పనిమంతులు ప్రయోగశాలల్లో ఉన్నారు. పొద్దున్నే 37 డిగ్రీల ఇంక్యుబేటర్ తలుపు తీసి, కణాలు పెరిగే గిన్నెలోని గులాబీరంగు ద్రవం పసుపుబారిందేమో చూస్తారు. బారితే కణాల మేత అయిన ఆ ద్రవాన్ని మార్చాలి. పాడి ఉన్న ఇంట్లోలాగే వీళ్లకూ పండగ సెలవుల్లేవు.

ఆ గిన్నెలో పెంచే, గాయం మాన్పే ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు టీజీఎఫ్-బీటా అనే వృద్ధికారకం అందిస్తారు. కణం పైపొరమీది గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది, స్మాడ్ ప్రొటీన్లు ఆ కబురును కేంద్రకానికి మోస్తాయి. ఒకటి రెండు రోజుల్లో లోపల ఆక్టిన్ పోగులు మోకుల్లా జట్టుకట్టి, మెత్తని కణం బిగుస్తుంది. గాయం అంచుల్ని దగ్గరికి లాగేది ఆ బిగువే. అది సడలకపోతే ఊపిరితిత్తో కాలేయమో గట్టిపడుతుంది.

ఈ బిగువును కొలిచేది అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్. సన్నని రేకు కొసతో కణాన్ని అదిమితే, రేకు ఎంత వంగిందో లేజర్ కిరణం పట్టిస్తుంది. ఎక్కువ నొక్కితే కణం దెబ్బతింటుంది, తక్కువైతే లెక్క తేలదు. యంత్రం ఎంత ఖరీదైనదైనా, ఎక్కడ ఆనించాలో తెలిసిన మనిషిదే నా మెప్పు.

ఈ పరికరం పుట్టింది 1986లో. వృద్ధికారకాలను కనుగొన్నందుకు రీటా లెవీ-మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే.