వీధికి ఈ కొసన

ఈ వారం లండన్ నుంచి మా మేనకోడలు ఒక ఫొటో పంపింది. బ్రిక్ లేన్, ఫోర్నియర్ స్ట్రీట్ కలిసే మూల. పాత ఇటుక గోడ, దాని పక్కన తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు స్తంభం. "మావయ్యా, ఇది చూస్తే నీకు ఒళ్ళు మండుతుంది" అని కింద రాసింది. మండింది కూడా. పాత కట్టడాలకు కొత్త సామాను తగిలించడం మీద ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోట్లాడానో మీకు తెలుసు. చెక్కిన స్తంభాలకు ఆయిల్ పెయింటు, నూరేళ్ళ పాదాలు అరగదీసిన రాతి నేల మీద మెరిసే టైల్స్, మండపానికి ఆనించి రేకుల షెడ్డు. అక్కడా అదే జబ్బు పట్టిందనుకున్నాను.

ఆ గోడ చిన్నది కాదు. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు, అంటే హ్యూగెనాట్లు, 1743లో కట్టుకున్న చాపెల్ అది. పద్నాలుగో లూయీ 1685లో వాళ్ళకున్న మతస్వేచ్ఛను రద్దు చేశాడు. పారిస్ పక్కన షరెంటన్‌లో సలొమొన్ ద బ్రోస్ కట్టిన వాళ్ళ పెద్ద ప్రార్థనాలయాన్ని ఆ ఏడాదే నేలమట్టం చేశారు. ప్రాణాలు దక్కించుకుని లండన్ చేరినవాళ్ళలో పట్టు నేసేవాళ్ళు స్పిటల్‌ఫీల్డ్స్‌లో మగ్గాలు పెట్టారు. ఇప్పటికీ ఆ వీధుల్లో ఇళ్ళ అటకలకు పొడవాటి కిటికీలు కనిపిస్తాయి. మగ్గం మీద వెలుతురు ఎంతసేపు పడితే అంతసేపే కూలి.

చాపెల్‌కూ ఆ ఇళ్ళకూ పోలిక ఉంది. ఇటుక గోడలు, రెండు వరుసల్లో పెద్ద కిటికీలు, పైన త్రికోణపు ముఖం. శిఖరం లేదు, విగ్రహం లేదు. ఆ మతస్థులకు ప్రార్థన అంటే ప్రసంగం వినడం. అందుకని షరెంటన్‌లోలాగే ఇక్కడా ఒకే హాలు, చుట్టూ గ్యాలరీలు, ఎక్కడ కూర్చున్నా బోధకుడి గొంతు అందాలి. దక్షిణం వైపు త్రికోణంలో ఒక నీడగడియారం, దాని మీద 1743 అన్న అంకె, రెండు లాటిన్ మాటలు. ఈ భవనం గురించి రాసేవాళ్ళు ఎక్కువమంది ఆ మాటల దగ్గర ఆగి వేదాంతం చెబుతారు. నాకు ఆ గడియారమే ముఖ్యం. అలంకారం ఒల్లని జనం వీధిలోకి తిప్పి పెట్టుకున్న ఒకే ఒక్క అలంకారం అది. ఎండతో బతికే నేతగాళ్ళు ఎండను కొలిచే పరికరాన్ని ఎంచుకున్నారు.

నేతగాళ్ళు అన్నాక నా మనసు మచిలీపట్నం పోకుండా ఉండదు. స్పిటల్‌ఫీల్డ్స్ మగ్గాలకు అప్పట్లో పెద్ద భయం మన తీరం నుంచి, బెంగాల్, గుజరాత్ నుంచి ఓడల్లో దిగే అద్దకం నూలు బట్ట. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే బందరులో కొట్టు పెట్టింది. కరక్కాయ, పాలు పట్టించి, పటికతో అచ్చు వేసి, చిరివేరు రసంలో ఉడికించిన ఎరుపు ఎన్ని ఉతుకులకూ దిగదు. ఐరోపా రంగరులకు చాలాకాలం అంతుపట్టని విద్య అది. పెడనలో కాలవ పక్కన ఆరేసిన గుడ్డలు నేను చూశాను. తడి ఆరేకొద్దీ ఎరుపు తేరుకుంటూ ఉంటుంది, అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. ఆ రంగే లండన్‌లో అల్లరికి కారణమైంది. 1719లో నేతగాళ్ళు వీధుల్లోకి వచ్చి, కాలికో, అంటే ఆ నూలు బట్టతో కుట్టిన గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి బట్టలు చించారు, సిరా చల్లారు. 1721లో పార్లమెంటు ఆ అద్దకం బట్ట కట్టడాన్నే నిషేధించింది. ఆ చట్టం 1774 దాకా నిలిచింది. ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకున్నవాళ్ళను నేను సమర్థించను. పస్తులు తెలిసిన మగ్గాలవాళ్ళ భయం మాత్రం నాకు అర్థమవుతుంది. తర్వాతి శతాబ్దంలో లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి మన నేతగాళ్ళ నోటి కాడ కూడు తీసినప్పుడు మన ఊళ్ళలోనూ అదే భయం.

స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేత తర్వాత సన్నగిల్లింది. 1860లో ఫ్రెంచి పట్టు సుంకం లేకుండా రావడంతో మిగిలిందీ పోయింది. చాపెల్ అంతకు ముందే చేతులు మారడం మొదలైంది. 1809లో యూదులను క్రైస్తవంలోకి మార్చాలనుకున్న సంఘం తీసుకుంది, 1819లో మెథడిస్టులు వచ్చారు. 1898లో రష్యా సామ్రాజ్యం నుంచి పారిపోయి వచ్చిన యూదులు సినగాగ్ చేసుకున్నారు. వాళ్ళది కుట్టుపని. 1976 నుంచి అది బ్రిక్ లేన్ జామే మసీదు. సిల్హెట్ నుంచి వచ్చి, అవే సందుల్లో బట్టలు, తోలు కోట్లు కుట్టిన బెంగాలీలది. వాళ్ళలో ఒకడైన అల్తాబ్ అలీని 1978 మే 4న పని ముగించుకుని ఇంటికి వెళుతుంటే జాతిద్వేషంతో పొడిచి చంపారు.

ఇన్ని మతాలకు ఆ హాలు పనికొచ్చిందంటే గోడ మీద బొమ్మ లేకపోవడం వల్లేనని నా లెక్క. అందుకే ఆ గోడను అలాగే ఉండనివ్వండి అనాలి నేను. కానీ ఫోర్నియర్ స్ట్రీట్ రెండో కొసకు వెళ్ళి చూడండి. అక్కడ నికొలస్ హాక్స్‌మూర్ కట్టిన క్రైస్ట్ చర్చి, 1729లో పూర్తయింది. లండన్‌కు యాభై కొత్త చర్చిలు కట్టాలని 1711లో చేసిన చట్టం తాలూకు కట్టడం. కాందిశీకులూ, వేరు మతశాఖలవాళ్ళూ నిండిన పేటలో ఇది రాజ్యం నమ్మిన మతమని దూరం నుంచే చెప్పే తెల్లటి శిఖరం. వీధి ఈ కొసన ఉన్నవాళ్ళు, వాళ్ళు హ్యూగెనాట్లయినా యూదులయినా, ఆ శిఖరాన్ని తలెత్తి చూశారేగానీ తమదంటూ ఒక ఎత్తు కట్టుకోలేదు. మసీదు పక్కన దాదాపు 29 మీటర్ల స్తంభం లేచేదాకా ఈ కొసకు ఎత్తన్నదే లేదు.

ఆ స్తంభం ఉండాలి. మన గుళ్ళలో టైల్స్ వేసేవాళ్ళు పాత రాతిని కప్పేస్తారు. ఇక్కడ ఒక్క ఇటుక కప్పలేదు, నీడగడియారం కనబడుతూనే ఉంది. చట్టం రక్షిస్తున్న గోడ కాబట్టి స్తంభం దాన్ని ఆనుకోకుండా విడిగా నిలబడింది. ఆ మెరుపు నా కంటికి ఇప్పటికీ ఇంపుగా లేదు. అయినా ఈ పేటలో బెంగాలీ దుకాణాల అద్దెలు పెరిగి, వాళ్ళూ ఒకనాడు తూర్పుకు తరలిపోతే, తర్వాత ఆ హాల్లోకి వచ్చేవాళ్ళెవరైనా గడియారంతో పాటు దాన్నీ ఉంచాలని అడుగుతాను.