కొలత తెలిసిన కన్ను

మదనపల్లెలో కానీ, పుంగనూరు, కుప్పం వైపు కానీ పాత మిద్దెల్లోకి వెళితే గోడ మీద ముందుకు వాలి వేలాడే ఫొటో ఒకటి కనిపిస్తుంది. తాత కుర్చీలో, అవ్వ పక్కన నిలబడి, నడుమ పొడుగుకాళ్ల బల్ల మీద పూలకూజా. వెనక గుడ్డ మీద ఏ ఊళ్లోనూ లేని తోట. మా ఇంట్లోనూ ఒకటుంది. బిగుసుకుపోయిన ఆ ముఖాలను చూసి చిన్నప్పుడు నవ్వేవాణ్ని. ఆ బిగువులో ఎంత పనితనం ఉందో రాజా దీన్‌దయాళ్ చిత్రాలు చూశాకే తెలిసింది.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్‌లో ప్రభుత్వ కొలువులో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కెమెరా పట్టేసరికి ముప్పై ఏళ్లు. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. నిజాం ఇచ్చిన ముసవ్విర్ జంగ్ బిరుదు, 1897లో విక్టోరియా రాణి ఇచ్చిన రాయల్ వారెంట్ అందరూ చెప్పేవే. నాకు మాత్రం ఆ నగల ఇల్లు, ఆ డ్రాయింగు బల్ల ముఖ్యం. ఆయన తీసిన మనుషుల్లో ఆ రెండూ కనిపిస్తాయి.

ఆయన పని నేర్చిన రోజుల్లో గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పోసి, పలకను వంచుతూ నాలుగు మూలలకూ పారించి, సిల్వర్ నైట్రేటు తొట్టిలో ముంచేవారు. తడి ఆరేలోగా, పది నిమిషాల్లో, ఫొటో తీసి, కడగడమూ అయిపోవాలి. మన ఎండలకు ఆ పది నిమిషాలూ దక్కేవి కావు. తర్వాత పొడి పలకలు వచ్చి ఆ పరుగు తప్పింది కానీ రంగుల చిక్కు తప్పలేదు. ఆనాటి పలకకు నీలం తెల్లగా, ఎరుపు నల్లగా కనిపిస్తుంది. ఎర్ర పట్టు తలపాగా బొగ్గయిపోతుంది, మేఘాల ఆకాశం సున్నం గోడ అయిపోతుంది. కాబట్టి ఎదుటి మనిషి రంగులన్నిటినీ ముందే మనసులో నలుపు తెలుపుల్లోకి దించుకోవాలి. ఆయన ఆస్థాన చిత్రాల్లో పట్టు మీది జరీ, ముత్యాల వరస దేనికది విడిగా తెలుస్తాయి. నగల ఇంటి కన్ను మరి!

ఇక కొలత. 1902లో వరంగల్ వైపు నెక్కొండ శిబిరంలో తీసిన ఫొటో ఉంది. వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నేల మీద చచ్చిన పులి. వేటగాళ్ల గొప్పలకు తీసిన ఫొటోయే, అయినా నిలువుగా ఇద్దరు, అడ్డంగా పులి, ఇంటి ప్లానులో గీతల్లా ఎక్కడివక్కడ కుదిరాయి. నా చూపు మాత్రం దొర మీద ఆగదు, పులి మీదికే జారుతుంది. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ ఇంగ్లండులో ముఖాలను దగ్గరికి లాగి, కావాలనే మసకగా తీసింది. ఈయనది అందుకు పూర్తిగా ఎదురు దారి, దూరంగా నిలబడి కొలుస్తాడు. అన్నిటికీ ఆ కొలత కలిసిరాలేదులెండి. ఆఫీసర్లను వరసల్లో కూర్చోబెట్టిన గ్రూపు ఫొటోలు నాలుగు చూసేసరికి నాకు ఆవులింతలొస్తాయి.

ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే దొరసానికి అప్పగించాడు. మగవాడి నీడ పడకుండా కెమెరా ముందు కూర్చునే వీలు ఆడవాళ్లకు దొరికింది.

1905లో దీన్‌దయాళ్ పోయాడు. ఆయన గాజుపలకలు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. పలక మీద అంతా తారుమారు, తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా. ముఖం మీద ముడత పోగొట్టాలంటే ఆనాటి స్టూడియోల్లో పలక మీద ఆ గీత పడినచోట సన్నని పెన్సిలుతో నలుపు చేర్చేవారు. కాగితం మీద అచ్చు వేసేసరికి అక్కడ తెల్లబడి ముడత మాయం. మొన్న మా ఇంటి ఫొటోను కిందికి దించి తుడిచాను. ఎండలో కలుపు తీసిన మా అవ్వకు నుదుటి మీద ఒక్క గీతా లేదు. కుర్చీ వీపును పట్టుకున్న చేతి మీద మాత్రం ఎవరూ పెన్సిలు పెట్టినట్టు లేదు.