ఏడు చీటీల్లో పన్నెండు మాటలు

పాత శుభలేఖలు కత్తిరించి, వెనకవైపు స్కెచ్ పెన్నుతో రాసిన ఏడు చీటీలు. నాలుగింటి మీద జల, వారి, అంబు, నీర. మూడింటి మీద జం, దం, ధి. ఐదో తరగతి పిల్లలకు పర్యాయపదాలు నేర్పడానికి ఇంత పొందికైన పనిముట్టు నేనింకొకటి చూడలేదు.

మొదటి నాలుగూ నీళ్ళే. జం అంటే పుట్టినది, దం అంటే ఇచ్చేది, ధి అంటే నిలుపుకునేది. టీచరు ఇంతమటుకు చెప్పి ఊరుకోవాలి. ఇక పిల్లలు జట్లుగా విడిపోయి, పాయింట్ల కోసం చీటీలు రెండేసి కలుపుతూ పోతే జలజం, వారిజం, అంబుజం, నీరజం, అన్నీ తామరలే. జలదం, వారిదం, అంబుదం, నీరదం మబ్బులు. జలధి, వారిధి, అంబుధి, నీరధి సముద్రాలు. గైడులో ఈ మాటలే కామాలు పెట్టి వరసగా ఇస్తారు. ఇది తామర ఎందుకైందో, అది మబ్బు ఎందుకైందో అక్కడ తెలియదు. ఇక్కడ పిల్లలే చేత్తో కలిపి చూస్తారు.

అసలు పనితనం ధి చీటీలో ఉంది. ఒత్తు పలక్కపోతే పాయింటు రాదు. ఎంత కాపీ రాయించినా నిలవని ద, ధల తేడా, మబ్బుకూ సముద్రానికీ మధ్య తేడాగా ఎదురైతే నిలుస్తుంది.

వీధిబడుల్లో అమరకోశం వల్లె వేయించిన రోజుల్లోనూ మాటలను విడివిడిగా ఇవ్వలేదు. అమరసింహుడు వాటిని వర్గాలుగా కూర్చాడు. మొదటి కాండ చివరిది వారివర్గమే. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలో తెలుగు మాటలను అలాగే పద్యాల్లో పొదిగాడు. అప్పటి పిల్లలకు పద్యం నడకే పట్టుకొమ్మ. చీటీల ఆటలో ఆ నడక లేదు. దానికి బదులు పక్కవాడితో వాదన ఉంది.

వ్యతిరేకపదాలకు వచ్చేసరికి ఆ వాదన ముదురుతుంది. ఈసారి చీటీలు అ, అన్. సత్యం, శాంతి, న్యాయం ముందు అ కుదురుతుంది. ఉచితం, ఆదరం, ఐక్యం దగ్గర అన్ కావాలి. నియమం ముందే చెప్పేస్తే ఆట చచ్చిపోతుంది. ఓపిక పడితే అచ్చుల సంగతి ఏదో ఒక జట్టు తనంతట తానే పట్టుకుంటుంది.

అప్పుడు తీయాలి మూల్యం చీటీ. అమూల్యం అంటే విలువ లేనిదని ఒక జట్టు కేక వేస్తుంది. అమూల్యమైన సలహా అంటారు కదా అని రెండో జట్టు అడ్డం పడుతుంది. ఆ చీటీని కట్టలో అడుగున దాచి ఉంచిన టీచరు పని తెలిసిన మనిషి.