నీటికి దారి వదిలిన చేతులు

నౌపడ ఉప్పు మడుల పక్కనుంచి రైలు వెళ్తున్నప్పుడు ఆ తెల్లటి కుప్పల్ని చూసి పిల్లలు కేరింతలు కొడతారు. నాకు మాత్రం వాటిని చూడగానే మా కారు అడుగు రేకు గుర్తొస్తుంది. మడుల్లో మనుషులు ఎండలో మాడి తీసే ఉప్పుని ఉద్దానం తీరం పొడవునా సముద్రపు గాలి ఊరికే మోసుకొచ్చి, ఇళ్ళ మీదా కిటికీ ఊచల మీదా బళ్ళ మీదా చల్లి పోతుంది. ఉప్పు పొర ఒకసారి రేకు మీద కూర్చుంటే ఇక వానతో పనిలేదు. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, తనే నీటిని పీల్చుకుని తడిసిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం లవణాలైతే అంతకన్నా చాలా తక్కువ తేమకే చెమరుస్తాయి. అక్కుపల్లి, బారువ వైపు ఊళ్ళలో పొద్దున్నే కారు బానెట్ మీద చెయ్యి వేస్తే జిగటగా తగిలేది అదే.

ఇలాంటి చోట ముప్పై ఏళ్ళ నాటి కారు ఇంకా రోడ్డెక్కి తిరుగుతోందంటే అది కంపెనీ గొప్పతనం ఒక్కటే అనుకోకూడదు. కాశీబుగ్గలో, టెక్కలిలో హైవే పక్క రేకు షెడ్లలో పనిచేసే టింకరింగ్ మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు, మెకానిక్కులు, వాళ్ళ పక్కన స్టూలు వేసుకు కూర్చుని ప్రతి నట్టూ తెలుసుకోవాలని చూసే నాలాంటి యజమానులు కలిసి దాన్ని నిలబెట్టుకుంటున్నారు. ఆ పనితనాన్ని దగ్గరగా చూసినవాడిగా దాని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మాది 1996 నాటి మారుతి 800. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయేలోగా ఈ మోడల్ మన దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడైంది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు. బానెట్ ఎత్తితే ఏ భాగం ఎక్కడుందో హైస్కూలు పిల్లవాడికి కూడా చూపించవచ్చు. పాత బండి ప్రేమికులు దీన్ని వదలకపోవడానికి అదే అసలు కారణం. విప్పితే అర్థమవుతుంది, అర్థమైతే బాగు చేసుకోవచ్చు. పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. అయినా కట్టి నిలుపుకుంటున్నవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు.

మా కారు అసలు జబ్బు ఒక వానాకాలంలో బయటపడింది. డ్రైవర్ కాళ్ళ దగ్గర తివాచీ ఆరడం లేదు. అంతకు కొన్నేళ్ళ ముందు వేరే ఊళ్ళో ఒక షెడ్డులో అడుగంతా బాగు చేయించి, నల్లటి కోటింగ్ కూడా కొట్టించాను. చూడటానికి కొత్త బండి అడుగులా నిగనిగలాడింది. కాశీబుగ్గ టింకరింగ్ మేస్త్రీ ఆ నలుపుని చూసి ఏమీ అనలేదు. స్క్రూడ్రైవర్ తిరగేసి, పిడితో అడుగంతా మెల్లగా తట్టుకుంటూ పోయాడు. మంచి రేకు ఖంగుమంటుంది. ఒకచోట ఆ మోత ఆగిపోయి, తడి అట్టను కొట్టినట్టు మొద్దుగా పలికింది. అప్పుడు స్క్రూడ్రైవర్ మొన వైపు తిప్పి నొక్కాడు. బయటినుంచి లోపలికి దిగిపోయింది. కోటింగ్ కింద లప్పం, లప్పం కింద ఫైబర్ గుడ్డ, దాని కింద గోధుమరంగు పొడి.

"పైకే బాగున్నాది బాబూ. లోపల రేకు నేదు" అన్నాడు.

తుప్పు మీద లప్పం పెడితే తుప్పు ఆగదు, కంటికి మరుగవుతుంది అంతే. పైగా లప్పానికీ రేకుకీ మధ్య సన్నటి సందు మిగులుతుంది. అందులోకి చేరిన ఉప్పునీటికి బయటపడే దారి ఉండదు. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది కాబట్టి, రెండు రేకులు కలిసే అతుకు దగ్గర అది ఉబ్బి, రేకుల్నే విడదీస్తుంది. అంతకుముందు జరిగిన పని నీటికి తలుపు వేసింది, కానీ నీళ్ళు లోపల ఉండగా వేసింది.

మా మేస్త్రీ చేసిన పనిలో ప్రతి మెట్టూ నాకు పాఠమే. ముందు బ్యాటరీ తీగలు విప్పాడు. సీట్లు, తివాచీ, దాని కింద చప్పుడు రాకుండా అంటించిన తారు పలకలు ఒక్కొక్కటే తీశాడు. అడుగున పోయే పెట్రోలు పైపునీ బ్రేకు పైపునీ వైర్లనీ క్లిప్పుల్లోంచి తప్పించాడు. తుప్పు కనిపించిన మేరకే కోసి ఊరుకోలేదు. చుట్టూ వేలెడు వెడల్పున మెరిసే లోహం తగిలేదాకా కోస్తూ పోయాడు. అరచేతంత కంత అనుకున్నది అన్నం పళ్ళెమంత అయింది. నా గుండె జారింది గానీ అతనిలో తొందర లేదు.

పలాస చుట్టుపక్కల అట్టలకు కొరత లేదు, జీడిపప్పు డబ్బాలు ఊరూరికీ వెళ్ళేది ఇక్కడినుంచే కదా. అలాంటి పాత డబ్బా అట్ట ఒకటి తీసుకుని కంత మీద పరిచి, వేలితో అంచులు రుద్ది అచ్చు తీశాడు. దాని ప్రకారం 20 గేజి రేకు కత్తిరించాడు. అడుగు రేకుకి కంపెనీ వాడు పొడవునా గాడులు పొంగించి ఉంటాడు. అలంకారానికి కాదవి, పల్చటి రేకు వణక్కుండా ఉండటానికి. చాలాచోట్ల అతుకు రేకు చదునుగా వేసి వదిలేస్తారు. ఇతను రైలు పట్టా ముక్కనే దాగలిగా చేసుకుని, ఒక ఊచ మీద రేకుని పెట్టి, చిన్న సుత్తితో దెబ్బ పక్కన దెబ్బ వేస్తూ ఆ గాడుల్ని మళ్ళీ పొంగించాడు. పాత గాడి ఎక్కడ ఆగిందో కొత్త గాడి అక్కడే మొదలయ్యేలా కలిపాడు. తివాచీ పరిస్తే ఇక జన్మలో ఎవరూ చూడని చోటు అది.

తర్వాత వెల్డింగ్. పల్చటి రేకుని ఒక చివరనుంచి ఏకధాటిగా కాలిస్తే వేడికి అప్పడంలా వంకర్లు పోతుంది. అందుకే చక్రం నట్లు బిగించినట్టు ఎదురెదురుగా ఒక్కో చుక్క పెడుతూ, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక తర్వాతి చుక్క పెట్టాడు. ఆ చుక్కలన్నీ కలిసి గీత అయ్యేసరికి సాయంత్రమైంది. ఆపైన అతుకుల మీద సీలరు, రెండువైపులా ప్రైమరు, పెయింటు. అన్నీ అయ్యాక నేను ఊహించని పని ఒకటి చేశాడు. అంత శ్రమపడి మూసిన రేకుకి, అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట డ్రిల్లుతో చిన్న కన్నం పెట్టి, దాని అంచులకు కూడా పెయింటు పూసి, రబ్బరు బిరడా బిగించాడు.

"నీరు రాకుండా ఎవుడాపగలడు బాబూ? పోడానికి దారుండాల."

ఆ మాట విన్నాక ఈ తీరంలో జరిగే మంచి రిపేర్లన్నిటినీ నేను అదే కొలతతో చూడటం మొదలుపెట్టాను. నీరు రాదని నమ్మి చేసిన పని ఒక రకం. వస్తుందని ఒప్పుకుని, వెళ్ళే దారి చూపించిన పని ఇంకో రకం. ఉప్పుగాలిలో నిలిచేది రెండోదే.

ఇవే చేతులు తిత్లీ తుపాను తర్వాత ఎంత పని చేశాయో చెప్పకుండా ఉండలేను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. మా కారు కప్పు మీద కొబ్బరిమట్టలు పడి సొట్టలు పడ్డాయి. రేకు సొట్టపోతే సాగుతుంది. సాగినదాన్ని వెనక్కి కొట్టినంత మాత్రాన చదునవదు, డబ్బా మూతలా టపటపలాడుతుంది. మేస్త్రీ ఆ సాగిన చోట రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, కింద దన్ను ఇనుము ఆనించి, చుట్టూ నాలుగు దెబ్బలు వేసి, తడిగుడ్డ అద్దాడు. వేడికి ఉబ్బిన లోహం చల్లారుతూ ముడుచుకుంది. అలా పది పన్నెండు చోట్ల చేశాక అరచేత్తో తడిమి చూస్తే ఎక్కడా ఎత్తుపల్లం తగల్లేదు. ఆ తడమడం కూడా కళ్ళు మూసుకునే చేశాడు, కంటికన్నా చేతికే ఎక్కువ తెలుస్తుందని.

బ్రేకుల పని చూస్తున్నప్పుడు మా పలాస జీడి గురించే ఒక కొత్త సంగతి తెలిసింది. వెనక డ్రమ్ము విప్పితే లోపల ఉండే లైనింగుల తయారీలో జీడిపిక్క పైతొక్కలోంచి తీసే నూనె వాడతారు. ఆ నూనెలోని ఫినాలు రకం పదార్థాలతో చేసిన రెసిన్‌నీ పొడినీ లైనింగులో కలిపితే అది రాపిడి వేడిని ఓర్చుకుంటుంది, పట్టు తప్పదు. దాదాపు నూరేళ్ళుగా ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి ఇది. పిక్క వలిచే ఆడవాళ్ళ వేళ్ళని కాల్చి నల్లబరిచే ఆ జిగురే, కారుని ఆపే చోట మనల్ని కాపాడుతోంది. మన దేశపు తీరాల్లో జాలర్లు ఆ నూనెనే పడవల చెక్కకు పూసి ఉప్పునీటి నుంచి కాపాడుకునేవారు. పలాస వీధుల్లో జీడి ఘాటు తగిలినప్పుడల్లా ఇప్పుడు నాకు ఈ రెండూ గుర్తొస్తాయి.

బ్రేకుల్లో కూడా నీటి గొడవే. బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఆ తేమ వీలు సిలిండర్ని లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. అందుకే తెలిసిన మెకానిక్ సిలిండర్ కారే దాకా ఆగడు. రెండేళ్ళకోసారి పాత ఆయిలంతా వదిలించి కొత్తది ఎక్కిస్తాడు, రబ్బరు కప్పులు మారుస్తాడు.

ఇక వెలుగు. మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటల మధ్య రోడ్ల మీద రాత్రిపూట పాత మారుతి హెడ్‌లైట్లు లాంతర్లలా ఉంటాయి. ఎక్కువ వాట్ల బల్బు పెట్టడం అందరూ చేసే పని. దాంతో పాత స్విచ్చు కాలుతుంది, ఎదురొచ్చేవాడి కళ్ళు చెదురుతాయి. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు బల్బు జోలికి పోకుండా మీటరు తీశాడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.6. మధ్యలో రెండు వోల్టులకు పైగా పాత వైరులో, స్విచ్చులో, చిలుము పట్టిన కనెక్షన్లలో పోతోంది. హాలోజన్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. రెండు 60 వాట్ల బల్బులు కలిసి లాగే పది ఆంపియర్లూ అప్పటిదాకా ఆ చిన్న స్విచ్చులోంచే పోతున్నాయి.

అతను బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా కొత్త లావు వైరు లాగి, రిలేలు పెట్టాడు. ఇప్పుడు స్విచ్చు రిలేకి సైగ చేస్తుంది, బరువు రిలే మోస్తుంది. బల్బులు అవే, వోల్టులు 13.4. చూడవలసింది ఆ వైర్లు వేసిన తీరు. రెండు వైర్లు మెలితిప్పి టేపు చుట్టడం అతని దగ్గర లేదు. ప్రతి చివరా టెర్మినల్ నొక్కి, సోల్డరు వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాడు. రిలే కాళ్ళు నేలవైపు ఉండేలా బిగించాడు. వైరు రిలేలోకి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు వదిలాడు, వైరు మీద జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోయేలా. అతనికి పాతికేళ్ళు కూడా ఉండవు. టింకరింగ్ మేస్త్రీ మాట అతను విని ఉండడు. పని మాత్రం ఆ మాటనే చెప్పింది.

కార్బురేటర్ దగ్గరా ఇదే కథ కొత్త రూపంలో వచ్చింది. పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరాక పాత బళ్ళ రబ్బరు పైపులు, డయాఫ్రంలు మెత్తబడటం, పగలడం చూస్తున్నాం. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. నెల రోజులు కదలని కారు ఫ్లోట్ గిన్నెలో అడుగున మట్టిరంగు గార పేరుతుంది. మెకానిక్ పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే ఫ్లోరో రబ్బరువి వేసి, కార్బురేటర్ విప్పాడు. జెట్టు కన్నం మూసుకుపోతే చాలామంది సన్నటి తీగతో పొడుస్తారు. అతను పొడవనివ్వడు. మెత్తటి ఇత్తడి కన్నం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. ద్రావకంలో నానబెట్టి, గాలి కొట్టి, వెలుతురుకి ఎత్తి చూశాడు. కన్నంలోంచి సూదిమొనంత వెలుగు గుండ్రంగా కనిపించాకే బిగించాడు. వారానికోసారైనా బండి నడపమన్నది అతని మందుచీటీ.

పోయిన వానాకాలం చివర్లో కారుని మళ్ళీ టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను, ఊరికే చూపిద్దామని. తివాచీ ఎత్తి అరచెయ్యి రేకుకి ఆనించి కాసేపు ఉంచాడు. పొడిగా ఉంది. కిందికి వంగి బిరడా పీకితే రెండు మూడు చుక్కలు నేల రాలాయి. మళ్ళీ పెట్టేశాడు. అప్పుడు గమనించాను, అతుకు రేకు మూల తెల్ల పెయింటుతో పని చేసిన నెల, సంవత్సరం, '20 గేజి' అని సన్నగా రాసి ఉంది. సంతకం లేదు. ఎందుకు రాశావు మేస్త్రీ అంటే, నా తర్వాత విప్పినోడికి తెలియాల కదా అన్నాడు.