ఒక్క బిట్టు కూడా పోకుండా

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' సీడీ 1995లో వచ్చింది. ఇంటికి ఎవరైనా పాటల మనిషి వస్తే దాన్ని రెండుసార్లు వినిపిస్తాను. మొదటిసారి 128 కిలోబిట్ల ఎంపీ3గా, రెండోసారి అదే డిస్కు నుంచి ఒక్క బిట్టు కూడా పోకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్న ఫైలుగా. ఎంపీ3లో తీగ మీద మీటు పడటానికి ముందే సన్నటి బూజులాంటి చప్పుడు మొదలవుతుంది. ఎంపీ3 శబ్దాన్ని ముక్కలుగా కోసి కుదిస్తుంది. ముక్క చివర్లో గట్టి మీటు ఉంటే, కుదింపులో వచ్చిన తేడా ఆ ముక్కంతా పరుచుకుని మీటు కంటే ముందే చెవిన పడుతుంది. రెండో ఫైలులో నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంటుంది. దాన్ని చీల్చుకుని మీటు వస్తుంది. శ్రీనివాస్ చేతివాటం అంటే అదీ!

కంప్యూటర్ టైపు కొట్టుకోవడానికే గాని హైఫై వినడానికి పనికిరాదనే పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవమే. కానీ తెలిసి అమర్చుకున్న కంప్యూటర్ కంటే నమ్మకమైన సోర్సు ఇంకొకటి లేదని నేను ఎక్కడైనా చెబుతాను. సీడీని 1982లో ఫిలిప్స్, సోనీ బజారులోకి తెచ్చాయి: 16 బిట్లు, సెకనుకు 44,100 శాంపిళ్లు. ఆ అంకెలను చెక్కుచెదరకుండా బయటికి తీయడమే అసలు విద్య.

ఆ విద్యలో ఆండ్రే వీట్‌హాఫ్‌కు మొక్కాలి. ఆయన 1998లో 'ఎగ్జాక్ట్ ఆడియో కాపీ' అనే ప్రోగ్రాం రాశారు. డిస్కు మీద పాట సెకనులో 75వ వంతు చొప్పున సెక్టార్లుగా ఉంటుంది. ఈ ప్రోగ్రాం సెక్యూర్ పద్ధతిలో ప్రతి సెక్టారునూ కనీసం రెండుసార్లు చదివి పోల్చుకుంటుంది. తేడా వస్తే 16 సార్లు మళ్లీ చదివి, అందులో 8 ఒకేలా ఉంటేనే ఒప్పుకుంటుంది. మరీ మొండి గీత పడ్డచోట 82 సార్ల దాకా పోరాడుతుంది. ఒకసారి గీతలు పడిన వీణ కచేరీ డిస్కు పెట్టి పడుకుంటే తెల్లారేదాకా చదువుతూనే ఉంది. పొద్దున్నే చూస్తే ఒక్క తప్పు లేదు. ఆ పైన 'యాక్యురేట్‌రిప్' ఉంది. ప్రపంచంలో ఇంకెవరెవరో అదే డిస్కును చదివిన లెక్కతో మన లెక్కను సరిపోల్చి చెబుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి చదివిన అంకెలూ నా అంకెలూ కలిసినప్పుడు కలిగే తృప్తి మాటల్లో చెప్పలేను.

తీసిన పాటను ఫ్లాక్‌లో దాచుకోవాలి. జాష్ కోల్సన్ 2001లో లోకానికి ఉచితంగా ఇచ్చిన వరం అది. దాని పనితనం మన పక్కవాద్యం లాంటిది. గాయకుడి తర్వాతి సంగతి ఎటు పోతుందో వయొలిన్ విద్వాంసుడు ముందే ఊహిస్తాడు. ఫ్లాక్ కూడా వెనకటి శాంపిళ్లు చూసి తర్వాతిదాన్ని ఊహిస్తుంది. ఊహకూ నిజానికీ ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటుంది. దాంతో ఫైలు సుమారు సగానికి తగ్గుతుంది. విప్పినప్పుడు మాత్రం ప్రతి బిట్టూ తిరిగి వస్తుంది. పాట మొత్తానికి ఒక ముద్ర లెక్కగట్టి ఫైలు మొదట్లోనే పెట్టుకుంటుంది కాబట్టి, పదేళ్ల తర్వాత చెడిందో లేదో ఫైలే చెబుతుంది.

దాచుకున్న పాటను వినేటప్పుడు విండోస్ ఒక గండం. పాటనూ, మెయిల్ వచ్చిన గంటనూ కలిపి పంపడానికి అన్నిటినీ ఒకే రేటుకు మారుస్తుంది. ఫూబార్ లాంటి ప్లేయర్‌లో 'వాసాపి ఎక్స్‌క్లూజివ్' పెట్టుకుంటే ఆ కలగాపులగం తప్పుతుంది.

ఇక తాళం సంగతి. అంకెలు సరిగా ఉంటే చాలదు, ప్రతి అంకే తన వేళకు, అంకెలను శబ్దంగా మార్చే డ్యాక్‌లో పడాలి. వేళ తప్పడాన్నే జిట్టర్ అంటారు. పాత యూఎస్‌బీ డ్యాక్‌లు కంప్యూటర్ వేగం వెంట పరిగెత్తుతూ తమ గడియారాన్ని సర్దుకునేవి. వంద పనుల్లో మునిగిన మనిషి చేతికి తాళం అప్పగించడం అన్నమాట! అమెరికాలో వేవ్‌లెంగ్త్ ఆడియో నడిపే గోర్డన్ రాంకిన్ దీన్ని తిరగేశారు. గడియారం డ్యాక్‌లోనే ఉంటుంది, తనకు కావలసినంత కంప్యూటర్‌ను అడిగి తీసుకుంటుంది. 44.1 కిలోహెర్ట్జ్ రేట్ల కుటుంబానికి 22.5792 మెగాహెర్ట్జ్ స్ఫటికం, 48 కుటుంబానికి 24.576 స్ఫటికం. మంచి డ్యాక్ మూత తీస్తే ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. 2012లో వచ్చిన వేలెడంత 'డ్రాగన్‌ఫ్లై' డ్యాక్‌లోనూ నడిచింది ఆయన కోడే. బ్రిటన్‌లో రాబ్ వాట్స్‌ది ఇంకో తపస్సు. బజారు చిప్పును పక్కన పెట్టి, కార్డ్ సంస్థ కోసం శాంపిళ్ల మధ్య ఖాళీలు పూరించే సొంత ఫిల్టరు తానే రాశారు. 'డేవ్' డ్యాక్‌లో ఆ ఫిల్టరుకు 1,64,000 ట్యాప్‌లు, అంటే గుణించి కలిపే మెట్లు. 'ఎం స్కేలర్'కు వచ్చేసరికి 10 లక్షలు దాటించారు. మృదంగం దెబ్బ మొదలయ్యే క్షణం కోసం ఒక మనిషి జీవితకాలం కూర్చున్నాడంటే ఏమనాలి!

ఇంతమంది ఇంత చేస్తే, మన చేతికి వస్తున్నది ఏమిటి? ఒక షాపులో 'ఫ్లాక్ ఒరిజినల్' అని రాసిన పెన్ డ్రైవ్ కొన్నాను. పౌనఃపున్యాలను బొమ్మగా చూపే 'స్పెక్' ప్రోగ్రాంలో తెరిచి చూస్తే ప్రతి పాటా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఎంపీ3కి ఫ్లాక్ చొక్కా తొడిగి అమ్మారు. ఇది పాలల్లో నీళ్లు కలపడం కంటే హీనం. పోయిన శబ్దం ఏ చొక్కా తొడిగినా తిరిగి రాదు. డబ్బా మీద 768 కిలోహెర్ట్జ్ అని అచ్చేసి, లోపల ఒక్క చవక స్ఫటికంతో సరిపెట్టే డ్యాక్‌లు ఇంకో మోసం. రీమాస్టర్ పేరుతో పాత పాటల ఎత్తుపల్లాలన్నీ చదును చేసి, చివరిదాకా అరిపించేవాళ్లను తలుచుకుంటే కడుపు మండుతుంది. 16 బిట్లు 96 డెసిబెళ్ల చోటిస్తే, అందులో పిడికెడు కూడా వాడుకోరా? ఎంక్యూఏ అనే ఫార్మాట్ కూడా అంతే. స్టూడియో నాణ్యత అని ఊదరగొట్టారు గాని, అది బిట్లు పోగొట్టుకునే పద్ధతి. 2023లో ఆ సంస్థ దివాలా దారి పట్టినప్పుడు నేను బాధపడలేదు. ఉచితమైన, దాపరికం లేని ఫ్లాక్ నిలిచింది. నాకు అదే కావాలి.

బాధంతా సీడీల గురించే. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే ఉండదు. చిన్న కంపెనీలు వేసిన కర్ణాటక కచేరీలు, నాదస్వరం, హరికథలు ఎన్నో డిస్కుల మీదే ఉండిపోయాయి. అవి పాత సామాన్ల బండిలో కిలోల లెక్కన పోతుంటే చూశాను. కొన్నింటి అల్యూమినియం పూత ఇప్పటికే చెడుతోంది. మీ బీరువా అడుగున ఒక డబ్బా ఉంటే దయచేసి అమ్మకండి. యూఎస్‌బీతో పనిచేసే డ్రైవ్ ఒకటి తెచ్చుకోండి. డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పవద్దు. తీసిన ఫైళ్లను రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి ఇంకొకరి ఇంట్లో ఉంచండి. పక్కవాద్యాల పేర్లు అట్ట మీద ఉంటాయి, అవి కూడా ఫైలులో రాయండి.